సెలవులకు ఇంటికొచ్చాను, హాకీ చూడనివ్వడం లేదు: బ్రాంప్టన్ అమ్మాయికి జవాబు

ప్రశ్న: అక్కా, నాకు 19 ఏళ్లు. ఒట్టావాలో సెకండియర్ చదువుతున్నాను, ఇల్లు టొరంటో పక్కన బ్రాంప్టన్‌లో. పరీక్షలు అయిపోయి మొన్ననే వచ్చాను, జనవరి మొదటి వారం దాకా సెలవులే. ఈసారి తెనాలి నుంచి నాయనమ్మ కూడా వచ్చింది. ఇంట్లో టీవీ ఒకటే, హాల్లో ఉంటుంది, బేస్‌మెంట్ అద్దెకిచ్చేశాం. సాయంత్రమైతే నాన్న యూట్యూబ్‌లో తెలుగు న్యూస్ డిబేట్లు, ఆ తర్వాత నాయనమ్మ సీరియళ్లు. నాకేమో ఐస్ హాకీ పిచ్చి, రూమ్మేట్స్‌తో చూసి చూసి పట్టుకుంది. మ్యాచ్ పెట్టమంటే నాన్న "హాకీ అంటే మన జాతీయ క్రీడ, గడ్డి మీద ఆడతారు, ఇది తెల్లోళ్ల కొట్లాట" అంటాడు. నాయనమ్మ "ఆడపిల్లవి, నీకీ తన్నుకునే ఆటేంటే" అంటుంది. సరేలే అని గదిలో లాప్‌టాప్‌లో చూసుకుంటే అమ్మ "నాలుగు నెలల తర్వాత వచ్చి గదిలో దూరింది" అని ఒకటే గోల. నాకోసం సున్నుండలు చేస్తే మ్యాచ్ చూస్తూ తిన్నానని ఏడ్చింది కూడా. 26న వరల్డ్ జూనియర్స్, అంటే కుర్రాళ్ల ప్రపంచ హాకీ పోటీ మొదలవుతుంది, అదే రోజు మిస్సిసాగాలో ఆంటీ వాళ్లింట్లో పాట్‌లక్, తలా ఒక వంట పట్టుకెళ్లాలి. ఇవన్నీ పడలేక జనవరి 1నే బస్సెక్కేద్దామనిపిస్తోంది. తప్పా?

జవాబు: వెళ్లిపోవాలనిపించడం తప్పేం కాదమ్మాయ్, డిసెంబర్‌లో ఇంటికొచ్చిన పిల్లలు చాలామందికి వారం తిరక్కుండానే అలా అనిపిస్తుంది. కానీ టికెట్ కొనేముందు ఆ సున్నుండల సంగతి తేల్చుకుందాం. నీ ఉత్తరంలో హాకీ కంటే నా కంటికి అదే పెద్దగా కనపడింది. మినపప్పు కమ్మటి వాసన వచ్చేదాకా సన్నసెగ మీద వేయించి, మిక్సీ పట్టి, బెల్లం కలిపి, కాగిన నెయ్యి పోసి వేళ్లు చుర్రుమంటుండగానే ఉండ కట్టాలి, చల్లారిందా చేతిలోనే పొడిపొడిగా రాలిపోతుంది. అంత చేసిన మనిషి మొదటి ఉండ కొరికినప్పుడు నీ మొహం చూద్దామనుకుంటుంది. నువ్వేమో స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండా చెయ్యి చాపి అందుకున్నావు. ఇవాళ వంటింట్లోకెళ్లి ఇంకోటి తీసుకుని అక్కడే నిలబడి తిను. సారీలు, వివరణలు ఏవీ వద్దు, "వెళ్లేటప్పుడు ఒక డబ్బా కట్టివ్వమ్మా, రూమ్మేట్స్‌కి కూడా" అను. సగం గోల అక్కడే చల్లారుతుంది.

ఇక టీవీ.

మీ నాయనమ్మ సీరియల్ అక్కడ రాత్రి ఏడున్నరకి వస్తే మీకు అప్పుడు పొద్దున్న తొమ్మిది. చలికాలంలో మీకూ ఇండియాకీ పదిన్నర గంటల తేడా. అంటే సాయంత్రం ఆవిడ చూసే ఎపిసోడ్ పొద్దుటి నుంచీ యాప్‌లో రెడీగా ఉంటుంది, కావాలంటే మధ్యాహ్నమే చూసేయొచ్చు. ఈ పాయింట్ నీకు ఇప్పటికే తట్టి ఉంటుంది, "నాయనమ్మా, నువ్వు పగలు చూసుకోవచ్చుగా" అని అనేసి కూడా ఉంటావు. అది చెల్లదు. ఎందుకంటే పగలంతా ఆవిడ ఒక్కతే. మీ అమ్మానాన్నలు డ్యూటీల్లో ఉంటారు, బయట చూస్తే మైనస్‌లో చలి, అడుగేస్తే జారే మెట్లు, పక్కింటివాళ్లతో మాట్లాడదామంటే భాష రాదు. తెనాలిలో అయితే సీరియల్ చూస్తూ పక్కింటావిడతో దాని మీద నాలుగు మాటలు అనుకునేది కదా, ఆ నాలుగు మాటల కోసమే సాయంత్రం దాకా దాన్ని ఆపుకుంటోంది. ఆవిడకి కావాల్సింది పక్కన ఒక మనిషి. నీకేమో ఇప్పుడు సెలవులు.

కాబట్టి నేను చెప్పేది ఇదీ: మధ్యాహ్నం భోజనం అయ్యాక నాయనమ్మ పక్కన కూర్చుని ఆ సీరియల్ నువ్వు చూడు. ఫోన్ పక్కన పడేసి చూడు. ఎవరు ఎవరి కోడలో, ఎవరు పాయసంలో ఏం కలిపారో అడుగు, ఆవిడ పాత కథంతా చెబుతుంది, అది సీరియల్ కంటే బాగుంటుందని నాకు గ్యారంటీగా తెలుసు. అప్పుడు సాయంత్రం టీవీ ఖాళీ అవుతుంది, ఆవిడ నోటితోనే "దాన్ని చూసుకోనివ్వరా" అన్న మాట మీ నాన్నగారికి వెళుతుంది. తల్లి మాట ముందు న్యూస్ డిబేట్ ఎంతసేపు నిలుస్తుందిలే. ఆ డిబేట్ కూడా పొద్దుటిదే, అందులో వాళ్లు అరుచుకోవడం అయిపోయి ఇళ్లకెళ్లి నిద్రపోయి లేచి ఉంటారు.

ఒకరోజు ఎలాగూ తప్పదనుకుంటే దానికీ దారుంది. హాకీలో మూడు పీరియడ్లు, ఒక్కోటి 20 నిమిషాలు, మధ్యలో రెండుసార్లు పావుగంట పైనే బ్రేక్. ఆ బ్రేకుల్లో సూట్లేసుకున్న పెద్దమనుషులు కూర్చుని చెప్పేది నువ్వు వినకపోతే కొంపలేం మునిగిపోవు. యాప్‌లో ప్రకటనలు తీసేస్తే సీరియల్ ఎపిసోడ్ కూడా దాదాపు అంతే. హారన్ మోగగానే రిమోట్ ఆవిడ చేతికివ్వు. మూడో పీరియడ్ మొదట్లో రెండు నిమిషాలు పోతే పోయాయి.

రెండో విషయం, ఏ మ్యాచ్‌లు కావాలో ముందే చెప్పు. ఎన్‌హెచ్‌ఎల్ అనే ఆ పెద్ద ప్రొఫెషనల్ లీగ్‌లో ఒక్కో టీమ్‌కి సీజన్‌లో 80 పైనే మ్యాచ్‌లు, అన్నీ కావాలంటే ఏ ఇంట్లోనూ ఒప్పుకోరు, నేనైనా ఒప్పుకోను. డిసెంబర్ 24, 25, 26 తేదీల్లో ఎలాగూ వాళ్లకి సెలవు, ఆ మూడు రోజులూ ఎన్‌హెచ్‌ఎల్ వరకు నీ త్యాగం కింద రాయించుకో. వరల్డ్ జూనియర్స్ ఏటా 26న మొదలై జనవరి 5 దాకా ఉంటుంది, గ్రూపులో కెనడాకి నాలుగే మ్యాచ్‌లు, తర్వాత గెలిచినంతవరకే. దానికి తోడు శనివారం రాత్రి టీవీలో మ్యాచ్‌లు చూపించే హాకీ నైట్. 1952 నుంచి ఈ దేశంలో శనివారం అంటే అదే కాబట్టి అది అడగడంలో మొహమాటం అక్కర్లేదు. ఈ తేదీలన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించు. మీ అమ్మ ఆ కాగితం చూసి ఏదో ఒక రోజు కొట్టేసి "ఆ రోజు గుడికి వెళ్తున్నాం" అంటుంది. అననీ. నీతో ఏం చేయాలనుకుంటోందో ఆవిడ బయటపెట్టడమే నీకు కావాలి. ఇప్పటిదాకా ఆవిడ మనసులో ఏవేవో అనుకుంటోంది, నువ్వేమో నీ మనసులో మ్యాచ్‌లు లెక్కపెట్టుకుంటున్నావు.

ఈ మూడు వారాలూ గదిలో లాప్‌టాప్‌లో మ్యాచ్‌లు మాత్రం వద్దు. హాల్లో దొరికితే చూడు, దొరకనప్పుడు స్కోర్ చూసుకుని వదిలెయ్. మీ నాన్నగారు విసుగొచ్చి 26న బాక్సింగ్ డే సేల్‌లో ఇంకో టీవీ కొని నీ గదిలో పెట్టేద్దామంటారేమో, వద్దని గట్టిగా చెప్పు. చవగ్గా వస్తుంది గానీ, తర్వాత మీ నలుగురూ భోజనానికి తప్ప ఒకచోట చేరరు.

తెల్లోళ్ల ఆట అన్నదాని గురించి. బ్రాంప్టన్‌లో ఉంటూ ఆ మాట అనడం విడ్డూరంగా ఉంది. మీ వీధిలో పంజాబీ ఇళ్లు ఎన్నో లెక్కపెట్టమను. వాళ్లకి 2008 నుంచీ హాకీ నైట్ పంజాబీలో వస్తోంది. దాని కామెంటేటర్ హర్‌నారాయణ్ సింగ్ ఆల్బర్టాలో బ్రూక్స్ అనే చిన్న ఊరివాడు. 2016లో ఎన్‌హెచ్‌ఎల్ కప్పు అయిన స్టాన్లీ కప్ ఫైనల్లో పిట్స్‌బర్గ్ తరఫున నిక్ బొనీనో గోల్ కొడితే ఆయన "బొనీనో, బొనీనో" అని ఊపిరి ఆపకుండా అందుకున్న క్లిప్ ఎంత పాకిందంటే, కప్పు గెలిచాక పిట్స్‌బర్గ్ వాళ్లు ఆ పంజాబీ బృందాన్ని తమ సంబరాలకి పిలిపించుకున్నారు. అంతకంటే ముందు, 1989లోనే రాబిన్ బావా అని బ్రిటిష్ కొలంబియా పంజాబీ కుర్రాడు ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాడు. ఆ ప్రసారం మొదలయ్యాక ఇంగ్లిష్ రాని తాతలు, బామ్మలు కూడా మనవళ్లతో కూర్చుని మ్యాచ్ చూడగలిగారు. అది నాకు నచ్చిన సంగతి. మనకి తెలుగులో అలాంటిది లేదు కాబట్టి మీ హాల్లో ఆ ఉద్యోగం నీది. టీవీ సౌండ్ సగానికి తగ్గించి నువ్వే చెప్పు, తెనాలి యాసలో చెప్పినా నష్టం లేదు.

ఏం చెప్పాలన్నది మాత్రం మనిషిని బట్టి ఉంటుంది. మీ నాన్నగారికి ఆఫ్‌సైడ్, ఐసింగ్ లాంటి చిక్కు రూల్స్‌తో మొదలుపెట్టకు, పది నిమిషాల్లో ఫోన్ తీస్తారు. పెనాల్టీతో మొదలుపెట్టు. తప్పు చేసినవాడు రెండు నిమిషాలు పెట్టెలో కూర్చుంటాడు, వాడి టీమ్ ఒక మనిషి తక్కువతో నెట్టుకురావాలి, అచ్చం కబడ్డీలో మనవాడు అవుటై గీత బయట కూర్చున్నట్టు. గుంటూరు జిల్లాలో పెరిగిన మనిషికి ఇంతకంటే చెప్పక్కర్లేదు. ఎదుటి జట్టుకి దొరికిన ఆ అవకాశాన్ని పవర్ ప్లే అంటారు, ఆ మాట వినగానే క్రికెట్ అనుకుంటారు, అది ముందే సర్దిచెప్పు. ఆ రెండు నిమిషాలు ఆయన కుర్చీలో ముందుకి జరిగారంటే నీ పని అయిపోయినట్టే.

గడ్డి మీద హాకీ గురించి ఆయనతో వాదించకు, ఆయన్నే అడిగి చెప్పించుకో. జాతీయ క్రీడ అన్నది మనందరం స్కూల్ పుస్తకాల్లో చదువుకున్నదే గానీ, ఏ ఆటనీ అలా ప్రకటించలేదని 2012లో సమాచార హక్కు కింద అడిగితే కేంద్ర క్రీడాశాఖే జవాబిచ్చింది. ఇది నీకు తెలిసి ఉంటే చాలు, భోజనాల దగ్గర బయటపెట్టకు, పెద్దాయన చిన్నబుచ్చుకుంటారు. దాని బదులు పారిస్ ఒలింపిక్స్ కాంస్యం మ్యాచ్ ఇద్దరూ కూర్చుని హైలైట్స్ చూడండి. 2024లో స్పెయిన్ మీద 2-1, రెండు గోల్స్ హర్మన్‌ప్రీత్‌వే, గోల్‌కీపర్ శ్రీజేశ్‌కి అదే ఆఖరి మ్యాచ్. హైదరాబాద్ ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్స్ ఆడాడు. చిత్తూరు వైపు పల్లెటూరి నుంచి వచ్చిన రజని ఎతిమర్పు మన అమ్మాయిల జట్టుకి గోల్‌కీపర్‌గా ఆడింది. వీళ్ల గురించి ఆయన్ని కదిపి చూడు. తెలిస్తే గంట మాట్లాడతారు, తెలియకపోతే నువ్వు చెప్పు. ఆయన హాకీ నువ్వు ఒక పూట చూస్తే నీ హాకీ ఆయన ఒక పూట చూడ్డానికి అభ్యంతరం ఏముంటుంది?

నాయనమ్మకి ముందు ఎన్‌హెచ్‌ఎల్ చూపించకు. అక్కడ గ్లవ్స్ విసిరేసి కొట్టుకుంటే ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఆడనిస్తారు, ఆవిడ అన్న మాట నిజమైపోతుంది. వరల్డ్ జూనియర్స్‌లో అలా కాదు, చేయి చేసుకుంటే ఆ మ్యాచ్ నుంచే పంపించేస్తారు. అందుకని పిల్లలు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడతారు. పైగా అందరూ 20 ఏళ్ల లోపు వాళ్లే, నీ ఈడు పిల్లలు. ఓడిపోయి వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆవిడే "అయ్యో పాపం" అంటుంది, రాసిపెట్టుకో. ఆ రబ్బరు బిళ్ల కనపడటం లేదే అని కూడా అంటుంది. దానికి వయసుతో పనిలేదు, అమెరికాలో అయితే జనానికి కనపడటం లేదని 1996లో ఫాక్స్ టీవీ వాళ్లు ఆ పక్ చుట్టూ నీలంరంగు వెలుగు పెట్టి చూపించారు, కెనడా వాళ్లు పగలబడి నవ్వారు. పక్‌ని వెతక్కు నాయనమ్మా, ఆ గోల్‌కీపర్‌ని చూస్తూ ఉండు, అతను ఎటు ఒరిగితే బిళ్ల అటు ఉన్నట్టు అని చెప్పు.

ఆడపిల్ల అన్నదానికి మాత్రం నువ్వు సర్దుకుపోనక్కర్లేదు. నువ్వుండేది ఒట్టావా, అక్కడ మహిళల ప్రొఫెషనల్ లీగ్ జట్టే ఉంది. ఆ లీగ్ మొట్టమొదటి మ్యాచ్ 2024 జనవరి 1న మీ టొరంటోలోనే జరిగింది, న్యూయార్క్ 4-0తో గెలిచింది. అదే ఏడాది ఏప్రిల్‌లో మాంట్రియల్‌లో అమ్మాయిల మ్యాచ్ చూడ్డానికి 21 వేల మంది పైగా వచ్చారు. ఆ లీగ్ మ్యాచ్ ఒకటి పెట్టి, హెల్మెట్ కింద నుంచి జడలు వేలాడుతుంటే చూపించు. ఆవిడ నోరు తెరుచుకుని చూస్తుందో, టీవీ కట్టెయ్యమంటుందో నాకు తెలీదు గానీ, "ఆడపిల్లవి" అన్న మాట మాత్రం ఇంకోసారి అంత తేలిగ్గా రాదు.

వీలైతే అందర్నీ ఒక సాయంత్రం మీ ఊరి గేజ్ పార్క్‌కి తీసుకెళ్లు, అక్కడ చెట్ల మధ్య స్కేటింగ్ దారి ఉంది కదా. మీ నాన్నగారికి స్కేట్స్ తొడిగించు. ఐసు మీద నిలబడటానికే ఎంత కష్టమో కాళ్లకి తెలిస్తే "కొట్లాట" అన్నవాళ్లు ఆ వేగంలో వెనక్కి స్కేట్ చేసేవాణ్ణి వేరేగా చూస్తారు. నాయనమ్మకి మాత్రం కారులో హీటర్ వేసి ఉంచండి, ఆవిడతో ప్రయోగాలు వద్దు.

మీ అమ్మ విషయం ఇంకొకటి. ధనుర్మాసం నడుస్తోంది. మీ ఇంట్లో పాటిస్తారో లేదో నువ్వు రాయలేదు, పాటిస్తే మాత్రం ఆవిడ తెల్లవారకముందే లేచి స్నానం చేసి పొంగలి పెట్టి డ్యూటీకి పరిగెత్తుతుంటే నువ్వు పదకొండింటికి లేస్తూ ఉంటావు. రోజూ లేవమనను, అలా మాటిచ్చి మూడో రోజు ఎగ్గొడితే అదో గొడవ. ఒక్క రోజు లే. చెప్పకుండా లేచి స్టవ్ దగ్గరకి వెళ్లి నిలబడు, మిరియాలు దంచమంటే దంచు. సంక్రాంతికి నువ్వు ఇక్కడ ఉండవు, క్లాసులు మొదలైపోతాయి, ఆ సంగతి ఆవిడకి గుర్తుంది, నీకు గుర్తులేదు.

జనవరి 1 బస్సు వద్దు. "మీతో పడలేక పోతున్నాను" అని చెప్పి వెళ్లినట్టే అవుతుంది, నువ్వు ఏ కారణం చెప్పినా వాళ్లకి అలాగే వినపడుతుంది. పైగా ఒట్టావాలో రూమ్మేట్స్ ఎవరూ ఇంకా వచ్చి ఉండరు, చల్లటి ఇంట్లో ఒక్కదానివే నూడుల్స్ తింటూ క్వార్టర్ ఫైనల్ చూస్తావు. క్లాసులు ఏ రోజు మొదలైతే దానికి ఒకరోజు ముందు వెళ్లు. నిజంగా ఊపిరాడకపోతే మధ్యలో ఒక రోజు టొరంటోలో స్నేహితుల ఇంటికెళ్లి రాత్రి ఉండి రా, ముందే చెప్పి వెళ్లు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇక 26 పాట్‌లక్. వెళ్లు. ఎగ్గొట్టడానికి తలనొప్పి అని చెప్పకు, మీ అమ్మకి తెలిసిపోతుంది. ఆంటీకి ఇవాళే ఫోన్ చేసి పులిహోర నేను కలుపుకొస్తాను అని చెప్పి, ఆ మాటతో పాటే ఫలానా టైమ్‌కి మీ టీవీ నాకివ్వాలి అని అడిగేసెయ్. మ్యాచ్ టైమ్ ముందే చూసి పెట్టుకో, ఎందుకంటే అక్కడ నీకు అడ్డు సీరియల్ కాదు. ఏటా 26 సాయంత్రం ఆరున్నర ప్రాంతంలో మీ టైమ్ ప్రకారం మెల్‌బోర్న్ టెస్ట్ రెండో రోజు ఆట మొదలవుతుంది, ఆడేది ఎవరైనా సరే అంకుల్స్ అందరూ ప్లేట్లు పట్టుకుని సోఫాలు ఆక్రమించేస్తారు. వాళ్ల చేతిలో పడ్డ రిమోట్‌ని తెచ్చివ్వడం నావల్ల కూడా కాదు.